రిటర్న్ టికెట్టు లేని వాలంటీర్లు

ద్వీపంలో ఉద్యోగం అనగానే మన కళ్లముందు కదిలేది సినిమా పాటే. నీలాల సముద్రం, కొబ్బరిచెట్ల మధ్య ఊయల, చేతిలో కొబ్బరిబోండాం! అలాంటి చోట నేనూ ఏడాదిపాటు ఉన్నాను. సముద్రం నిజంగానే నీలంగా ఉంది. కొబ్బరిచెట్లకూ కొదవలేదు. ఊయల ఊగే తీరికే... ఎవరికీ లేదు.

ఆస్ట్రేలియాకు తూర్పున, దక్షిణ పసిఫిక్‌లో ఉన్న ఎనభైకి పైగా ద్వీపాల దేశం వనువాటు. 1980 దాకా బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ఏలిన నేల. అందులో పెంటెకోస్ట్ అనే ద్వీపం ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 60 కిలోమీటర్లు. కాళ్లకు అడవితీగలు కట్టుకుని మగవాళ్లు చెక్క గోపురం మీంచి కిందికి దూకే ఆచారం అక్కడిదే. ఇప్పటి బంగీ జంప్‌కు అదే స్ఫూర్తి. 2019లో పత్రికకు సెలవు పెట్టి, ఓ స్వచ్ఛంద సంస్థ ద్వారా అక్కడి పల్లెటూరి బడికి వెళ్లాను. పిల్లలకు ఇంగ్లిష్ చదవడం నేర్పాలి. హోదా, 'అంతర్జాతీయ వాలంటీర్'.

అక్కడ కోడికూతే అలారం. కరెంటు ఉండదు. రేకుల కప్పు మీద పడ్డ వాననీళ్లు ట్యాంకులోకి చేరితే అవే తాగడానికీ వండడానికీ. వాన మొహం చాటేసిందా, బకెట్టు పట్టుకుని వాగుకి నడవాల్సిందే. బడికి గోడలంటే వెదురు తడికలే. ఒక పుస్తకం చుట్టూ నలుగురు పిల్లలు. వాళ్లకు ఇంట్లో ఒక భాష, పక్క ఊరివాళ్లతో బిస్లామా, బడిలో ఇంగ్లిషో ఫ్రెంచో! ఆ చిన్నదేశంలో వందకు పైగా భాషలున్నాయి మరి. పొద్దుగూకితే మగవాళ్లంతా 'నకమాల్' అనే చావడిలో చేరి, కొబ్బరిచిప్పల్లో కావా తాగుతారు. ఓ మొక్క వేళ్లను దంచి తీసే మట్టిరంగు పానీయమది. ఫోన్ సిగ్నల్ కావాలంటే మాత్రం కొండెక్కాలి.

నేనున్న ఇంటావిడను 'స్మోల్ మామా' అని పిలవమన్నారు. ఆడమనిషి మామ ఎలా అవుతుందని నవ్వొచ్చింది. బిస్లామాలో మామా అంటే అమ్మ. స్మోల్ మామా అంటే అమ్మ చెల్లెలు. అచ్చంగా మన చిన్నమ్మ!

ఆ చిన్నమ్మ చీకటితోనే లేచేది. కొండమీది తోటకు వెళ్లి, పెండలం, చేమదుంపలు వీపున మోసుకొచ్చేది. ఆదివారం లాప్‌లాప్ చేసేది. దుంపలు తురిమి, కొబ్బరిపాలు పోసి, ఆకుల్లో చుట్టి, కాలిన రాళ్ల మధ్య ఉడికించే వంటకం అది. మొదటి ముక్క ఎప్పుడూ నాకే. ఓసారి నాకు వారంపాటు జ్వరమొస్తే రాత్రుళ్లు నిద్రమానుకుని పక్కనే కూర్చుంది.

జ్వరం తగ్గాక ఓ లెక్క వేశాను. నాకు నెలనెలా భత్యం, ఆరోగ్య బీమా, రానూపోనూ టికెట్టు. ఏడాదిగా నన్ను కడుపులో పెట్టుకు చూసిన ఆవిడకు? పైసా లేదు. అయినా 'వాలంటీర్' అన్న గుర్తింపుకార్డు నా మెడలో ఉంది!

2020 మార్చిలో కరోనా భయంతో మమ్మల్ని వెనక్కి రమ్మన్నారు. ఆ నెలలోనే అమెరికా పీస్ కోర్ కూడా 60కి పైగా దేశాల్లో ఉన్న తన వాలంటీర్లందరినీ, దాదాపు 7,000 మందిని, పిలిపించేసుకుంది. 1961లో అది పుట్టాక అలా జరగడం అదే మొదటిసారి. లోనోరోరేలో చిన్న విమానం ఎక్కేటప్పుడు చిన్నమ్మ ఓ అల్లిక చాప చేతిలో పెట్టింది. మన దేశానికి విమానాలు ఆగిపోయేలోపు హైదరాబాద్ చేరుకున్నాను.

ఏప్రిల్ 6న హెరాల్డ్ తుపాను పెంటెకోస్ట్ మీద విరుచుకుపడింది. ఐదో కేటగిరీ! మాకేమో టికెట్టుంది, బయటపడ్డాం. వాళ్లకు ఆ ద్వీపమే దిక్కు. అప్పటికి వనువాటులో ఒక్క కరోనా కేసూ లేదు. అందుకే సరిహద్దులు మూసేశారు. విదేశీ సహాయ బృందాలు రాలేకపోయాయి. కూలిన ఇళ్లను నిలబెట్టే పనీ, తిండి పంచే పనీ అక్కడి మనుషులే భుజాన వేసుకున్నారు.

మూడు వారాల తర్వాత ఫోన్ కలిసింది. ఇంటి కప్పు ఎగిరిపోయింది, తోట తుడిచిపెట్టుకుపోయింది. అయితే ఆ సంగతులన్నీ నేను అడిగితే చెప్పినవే. ఆవిడ మొదట అడిగింది ఒకటే. "మీ దేశంలో పెద్ద జబ్బట కదా, నువ్వు తింటున్నావా?"

ఏటా డిసెంబరు 5 అంతర్జాతీయ వాలంటీర్ల దినోత్సవం. ఆఫీసులో ఎవరో ఒకరు నాకు శుభాకాంక్షలు చెబుతారు. అవి చేరాల్సిన చోటికి చేర్చడానికి ఆ రోజు నేను పెంటెకోస్ట్‌కు ఫోన్ చేస్తాను. నాతో మాట్లాడటానికి చిన్నమ్మ ఆ వయసులోనూ కొండెక్కుతుంది.

అదీ భత్యం లేకుండానే!