గాలేలో మేస్త్రి, కేప్‌టౌన్‌లో దొర

శ్రీలంకలోని గాలే కోటలో లేన్‌ బాన్‌ వీధి. ఓ పాత ఇంటి గోడకు సున్నం పూస్తున్న పెద్దాయన్ని ఇంటావిడ 'బాస్‌ ఉన్నెహే' అని పిలుస్తోంది. కూలి ఇచ్చేది ఆవిడ, బాస్‌ మాత్రం ఆయన! సింహళంలో ఆ మాటకు అర్థం మేస్త్రి. తాపీ పనైనా, వడ్రంగమైనా చేతిలో పనితనం ఉంటే బాసే.

1640లో పోర్చుగీసుల నుంచి గాలేను గెలుచుకుని 1796 దాకా ఏలిన డచ్చివారు వదిలి వెళ్లిన మాట ఇది. వారి భాషలో బాస్‌ అంటే పనివాళ్ల మీద పెద్ద. నేటి హాలెండ్‌లో ఆఫీసు అధికారీ బాసే, కుక్కకు దాన్ని పెంచే మనిషీ బాసే. (మన 'మేస్త్రి' మాత్రం స్వదేశీయా? అదీ పోర్చుగీసు సరుకే.)

అట్లాంటిక్‌ అవతల సురినామ్‌లోని స్రానన్‌ క్రియోల్‌లో 'బాసి' అంటే పైఅధికారి. హైతీ క్రియోల్‌లో 'బోస్‌' అంటే అచ్చం గాలేలో మాదిరే చేతిపని తెలిసినవాడు. 1664 దాకా డచ్చివారిదైన న్యూయార్క్‌ ప్రాంతం నుంచి ఆ మాట ఇంగ్లీషులోకి పాకింది. 'మాస్టర్‌' అంటే బానిసత్వం వాసన వేస్తుందని అమెరికాలోని తెల్ల కూలీలు దీన్నే ఇష్టపడ్డారు.

ఆఫ్రికా కొసన కథ తలకిందులైంది. 1652లో కేప్‌లో దిగిన డచ్‌ కంపెనీ అక్కడికి బానిసలను తరలించింది. మచిలీపట్నం, భీమిలిలో తన గిడ్డంగులున్న కోరమాండల్‌ తీరం నుంచీ తీసుకెళ్లింది. ఆఫ్రికాన్స్‌లో బాస్‌ అంటే తెల్లదొర. 1950లలో ప్రధాని స్ట్రైడమ్‌ బాహాటంగా సమర్థించిన తెల్లవారి పెత్తనానికి పేరే 'బాస్‌కాప్‌'.

ఇదంతా తెలిసీ కేప్‌టౌన్‌లో ట్యాక్సీ దిగుతూ హైదరాబాద్‌ అలవాటుకొద్దీ 'థ్యాంక్స్‌ బాస్‌' అనేశాను. మన నోట్లో ఇంగ్లీషు మాట సాగి సరిగ్గా ఆఫ్రికాన్స్‌ మాటలాగే పలుకుతుంది. జుట్టు నెరిసిన నల్లజాతి డ్రైవరు చిల్లర లెక్కపెట్టడం ఆపి చూశాడు. వేళాకోళం అనుకున్నట్టున్నాడు. మా ఊళ్లో స్నేహితుణ్ని అలాగే పిలుస్తామని గబగబా చెప్పుకున్నాను. తన తండ్రి రోజంతా ఇతరులను ఆ మాటతోనే పిలవాల్సి వచ్చేదట. చిల్లర నా చేతిలో పెడుతూ, తమ ఇంట్లో ఆ పిలుపు అందుకున్న మొదటివాణ్ని తానేనన్నాడు.