పాతబెల్లం పిచ్చి

కొంతమంది పట్టుచీరలు పోగుచేస్తారు. కొంతమంది బొమ్మలకొలువు పేరు చెప్పి ఏటికొప్పాక లక్కబొమ్మలు పోగుచేస్తారు. స్టాంపులూ, నాణాలూ సరేసరి. నేను బెల్లం పోగుచేస్తాను. నవ్వకండి. మావారు ఇరవై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, ఆ కోటా చాలు.

మా వంటింటి పక్కగదిలో ఒక చెక్కబీరువా ఉంది. అందులో పదిహేడు సీసాలూ, నాలుగు పింగాణీ జాడీలూ. ఒక్కోదానిమీద ఒక కాగితం ముక్క అంటించి ఉంటుంది – ఏ సంవత్సరం, మొక్కతోట చెరకా కార్శితోట చెరకా, ఎవరి పెనంలో వండింది అని. చుట్టాలు ఊరగాయలనుకుని మూత తీసి, లోపల నల్లరాయిలాంటి పదార్థం చూసి గబుక్కున మూసేస్తారు. “ఏమిటొదినా, ఇంగువా?” అని అడిగిన ఆడపడుచు కూడా ఉంది నాకు.

ఈ పిచ్చికి ఎంత గౌరవప్రదమైన బంధువర్గం ఉందో ఈమధ్యనే తెలిసింది. సింగపూరు నుంచి వచ్చిన మా అక్కకొడుకు కాగితంలో చుట్టిన ఒక బిళ్ళ తెచ్చి చేతిలో పెట్టాడు. పిడకేమో అనుకున్నాను. పూఅర్ టీ అట! చైనాలో యునాన్ రాష్ట్రపు సరుకు. తేయాకును ఆవిరికి మెత్తబరచి బిళ్ళలుగా అదుముతారు. బిళ్ళకు 357 గ్రాముల తూకం. ఏడేసి బిళ్ళలు వెదురుపొరల్లో చుట్టి కట్టలు కడతారు. పూర్వం ఇలా అదిమిన టీని కంచరగాడిదల మీద వేసుకుని కొండదారుల్లో టిబెట్టుదాకా తీసుకుపోయేవారు. దాచినకొద్దీ రుచి మారుతుందిట దానికి. అన్నేళ్ళు ఆగలేనివాళ్ళ కోసం 1973లో కున్‌మింగ్ టీ ఫ్యాక్టరీవాళ్ళు ఆకును తడిపి, కుప్పపోసి, నెలన్నర రెండునెలల్లో మగ్గబెట్టే ఉపాయం కనిపెట్టారు. 2007లో ఈ టీ ధరలు ఆకాశానికెక్కి, అంత వేగంగానూ కిందపడ్డాయిట.

“దీన్ని దాచుకోవడానికి వేరే గదులు కట్టుకునేవాళ్ళున్నారు పిన్నీ!” అన్నాడు వాడు.

నేను మావారి వైపు చూశాను. ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు.

ఆ టీ కాచుకుని తాగాం. తొలకరికి తడిసిన మట్టీ, తాతలనాటి భోషాణం మూతా కలిపినట్టుంది వాసన. బాగుంది. కానీ మునగపాక కోడల్ని ఒక్క టీబిళ్ళతో ఆశ్చర్యపరచలేరు కదా!

అనకాపల్లి పక్కన, శారదానది ఆయకట్టులో ఉంది మా అత్తవారి ఊరు మునగపాక. మండలమంతా చెరకు, బెల్లం. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటని మీకు తెలిసిందే. అక్కడి చెరకు పరిశోధన కేంద్రం 1913లో మొదలైంది. అది తయారుచేసిన 87ఎ298 రకానికి ‘విశ్వామిత్ర’ అని పేరు పెట్టారు. ప్రతిసృష్టి చేసినాయన పేరు కొత్త చెరకుకు పెట్టడం నాకు భలే నచ్చింది.

నేను కాపురానికొచ్చిన తొలి సంక్రాంతికి పెనం దగ్గరికి తీసుకెళ్ళింది మా అత్తయ్య. టన్ను చెరకు ఆడితే బెల్లం దిగేది దగ్గర దగ్గర ఒక క్వింటాలు. రసం మరుగుతుంటే పైకి తేలే మడ్డిని తీసేస్తూ ఉండాలి. కింద పిప్పి మంట. పాకం తీగసాగి, చన్నీళ్ళలో వేస్తే ఉండకట్టాలి. థర్మామీటరు పెట్టి చూస్తే అది 118 డిగ్రీల దగ్గర ఉంటుంది. వండేవాళ్ళకు థర్మామీటరుతో పనిలేదు, బుడగ చప్పుడు చాలు. అరనిమిషం ముందు దింపితే దిమ్మ కట్టదు, అరనిమిషం ఆలస్యమైతే మాడువాసన. అందుకే ఒకే తోట చెరకు రెండు పెనాల్లో వండితే రెండు రుచులు! నా సేకరణకు మూలం అదే.

రుచి చూడటానికీ ఒక పద్ధతుంది. చింతగింజంత ముక్క నాలిక మీద పెట్టుకుని, కొరక్కుండా ఊరుకోవాలి. ముందు తీపి. ఆ తర్వాత వస్తుంది అసలు సంగతి. ఉప్పునేలలో పండిన చెరకైతే నాలిక అంచున సన్నటి ఉప్పదనం తెలుస్తుంది. కొత్తబెల్లానిది పచ్చి చెరకు వాసన. రెండేళ్ళకి చింతపండు రంగుకొస్తుంది. నాలుగేళ్ళు దాటితే తీపి వెనక్కి తగ్గి, ఖర్జూరం లాంటి రుచీ, చివర్న రవంత చేదూ మిగులుతాయి. మధ్యమధ్య గోరువెచ్చని నీళ్ళు తాగాలి. టీలో మాత్రం వెయ్యకండి, విరిగిపోయాక నన్ను తిట్టుకుంటారు. తప్పదంటే దించి, కాస్త చల్లారాక వేసుకోండి.

దాచడమే కష్టం. ఆ టీకి కొంచెం తేమ ఉంటేనే లోపల పాకం పడుతుందిట. బెల్లానికి తేమే యముడు. చక్కెరతోపాటు గ్లూకోజూ ఫ్రక్టోజూ ఉంటాయి కనుక గాలిలో నీటిని లాక్కుని శ్రావణమాసం వచ్చేసరికి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. అత్తయ్య తాటాకులో చుట్టి పొయ్యిమీది ఉట్టిలో పెట్టేది. పొగా, వేడీ తగిలి తేమ దగ్గరికి రాదు. గ్యాసు పొయ్యిల కాలంలో నాకు ఆ వైభవం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు విశాఖలో మా కిటికీ రెక్క ఎగిరిపోయి, రోజుల తరబడి కరెంటు లేక, ఇల్లంతా చెమ్మ. గుడ్డ వాసెన కట్టిన జాడీలు మూడు నీరుకారిపోయాయి. కొవ్వొత్తి మైనం కరిగించి మూతి మూసిన సీసాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. అప్పట్నుంచీ అన్నిటికీ మైనమే.

పాతబెల్లం గొప్పతనం నా కల్పన కాదు సుమండీ. కొత్తబెల్లం కఫం చేస్తుందనీ, ఆకలిని మందగింపజేస్తుందనీ, పాతది గుండెకు హితవనీ అష్టాంగహృదయంలోనే ఉంది. బాలింతల కాయానికి పాతబెల్లమే కావాలని మన పెద్దవాళ్ళు పట్టుబట్టేది అందుకే.

మరి మార్కెట్లో చూసేది రంగు! నిమ్మపండులా మెరిసే దిమ్మకు పాటలో మంచి రేటు, నల్లదానికి చిన్నచూపు. ఆ మెరుపు కోసం కొందరు పాకంలో హైడ్రోస్ వేస్తారు. ఒకే ఏడాది వండిన రెండు రకాలూ పక్కపక్కన సీసాల్లో పెట్టి చూశాను. రెండు వానాకాలాలు గడిచేసరికి మెరిసేదాని రంగు వెలిసి, మట్టిరంగు తేలింది. మందు వెయ్యనిది నిదానంగా, అంచుల నుంచి లోపలికి, తేనెరంగు నుంచి గోధుమకూ, గోధుమ నుంచి నలుపుకూ తిరిగింది. ఈ సంగతి మాకు వరసకు మావయ్య అయ్యే ఒక రైతుతో అంటే, “పచ్చగుంటేనే కొంతారు కోడలా. నల్లబెల్లం ఎవులు కొంతారు? నువ్వొక్కదానివి తింటే నా అప్పు తీరుద్దా?” అన్నాడు. నాకు జవాబు తోచలేదు. రంగు కావాలని కొట్టువాణ్ణి అడిగేది మనమే కదండీ, వంటింటివాళ్ళం!

ఆయన హైడ్రోస్ వెయ్యలేదు. మూడేళ్ళ క్రితం పెనమే దించేశాడు. కూలీలు దొరకడం లేదు, గిట్టుబాటు లేదు. చెరకు వేసే చేలో సరుగుడు మొక్కలు నాటాడు. ఆఖరి వంటలోంచి రెండు కిలోల ముక్క నాకు పంపించాడు, డబ్బు తీసుకోకుండా. బీరువాలో ఎడమచేతి వైపు మొదటి సీసా అదే. కాగితం మీద అతని పేరు రాశాను. దాన్ని తియ్యకూడదనుకున్నాను. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు చూద్దామని.

పోయిన నెల ఎదురింటి అమ్మాయి పురిటికొచ్చింది. “పిన్నిగారూ, మందు వెయ్యని పాతబెల్లం మీ దగ్గర తప్ప దొరకదు” అంటూ వాళ్ళమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది. మిగతా సీసాల్లో కొన్ని మరీ ముదిరినవి, కొన్ని అనుమానం సరుకు. పసిబిడ్డ తల్లికి అనుమానం సరుకు ఎలా ఇస్తాను? మూడేళ్ళది, నాకు నమ్మకమున్నది, ఆ ఒక్కటే.

మైనం గీకి మూత తీశాను. మావయ్య పెనం వాసన గదంతా కమ్ముకుంది. ముప్పాతిక వంతు గిన్నెలోకి కొట్టి ఇచ్చాను. చింతగింజంత ముక్క మావారి చేతిలో పెట్టాను. ఈసారి నవ్వలేదు. “ఇంకాస్త ఉందా?” అన్నారు.

మిగిలింది ఒక గుప్పెడు. మళ్ళీ మైనం పోసి మూశాను. ఈ సంక్రాంతికి మునగపాక వెళ్ళాలి. ఎవరి పెనం వెలుగుతోందో ముందుగా ఫోను చేసి కనుక్కోవాలి.