టీ దగ్గర తేలిపోయిన సంగతి

మా జట్టులో తొమ్మిదిమందిమి. ఆరుగురం వారానికి మూడురోజులు హైదరాబాదు కార్యాలయానికి వెళతాం, తక్కిన ముగ్గురూ ఇళ్ళనుంచే పనిచేస్తారు. జట్టుకు పెద్దను నేను. 2020కి ముందునుంచీ నా పద్ధతి ఒకటే: ముందు నా ఆలోచన చెప్పడం, ఆపైన "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడగడం. ఎదుట కూర్చున్నవాళ్ళలో ఎవరైనా పెదవి విరిస్తే కనిపించేది. అతణ్ణి టీకి తీసుకెళ్ళి కదిపితే అసలు మాట బయటపడేది. ఆ వెసులుబాటు వల్లనే నా పద్ధతిలోని లోపం చాలాకాలం నాకు తెలియలేదు.

గత ఏడాది ఒక బిల్లుల సాఫ్టువేరును తిరగరాసే పని వచ్చింది. విజయనగరంనుంచి పనిచేసే అమ్మాయి సమావేశంలో ఏదో చెప్పబోయి, గదిలో ఉన్న మేమంతా ఒక్కసారిగా మాట్లాడుతూంటే మైకు కట్టేసుకుంది. సాయంత్రం టీ దగ్గర నలుగురం కలిసి విషయం తేల్చేశాం. ఆమెకు మర్నాడు మెయిలులో తెలిసింది. నాలుగు నెలల తరువాత పాత లెక్కకూ కొత్త లెక్కకూ పొంతన కుదరక మేం తలలు పట్టుకున్నప్పుడు, ఆమె ఒక పేజీ పంపింది. పాత బిల్లులనే కొత్తదానికి మళ్ళీ ఇచ్చి, తేడాలను రాత్రికి రాత్రి యంత్రమే పట్టిచ్చే ఉపాయం అది. రాసిన తేదీ, ఆనాటి సమావేశానికి ముందురోజు!

"అప్పుడే చెప్పలేకపోయావా?" అన్నాను.

"మీరప్పటికే నిర్ణయించేశారు కదండీ."

ఇంజనీర్ల బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు ఎంత త్వరగా తగ్గిపోతాయో ఎం.ఐ.టి. ఆచార్యుడు థామస్ ఆలెన్ 1977లోనే పుస్తకంగా రాశాడు. 2022లో బ్రక్స్, లెవావ్ అనే ఇద్దరు పరిశోధకులు 'నేచర్' పత్రికలో మరో సంగతి చూపారు. వీడియోలో కలిసిన జంటలకు ఎదురెదురుగా కూర్చున్నవారికన్నా తక్కువ ఆలోచనలు తట్టాయట. వాటిలో మంచిదాన్ని ఎంచడంలో మాత్రం వీరేమీ వెనుకబడలేదట. ఇది చూపించి మా పైఅధికారి ఒకాయన "అందరినీ ఆఫీసుకు రప్పిస్తే సరి" అన్నారు. నాకు ఆ రెండో సగమే పట్టుకుంది. ఎంచడానికి తెర చాలినప్పుడు, ఆలోచించడం ఎవరి ఇంట్లో వారు, కాగితం మీద చేసుకోవచ్చు కదా.

ఇప్పుడు సమావేశానికి ముందే అందరూ రాసి పంపుతారు. నేను చివర మాట్లాడతాను (ఇది నాకు ఎంత కష్టమో మా ఆవిడకు తెలుసు). టీ దగ్గర తేలినది ఏదైనా, అందరూ చూసేచోట రాసి మర్నాటిదాకా ఆగితేగాని నిర్ణయం కాదు. పని కొంత నెమ్మదించిన మాట నిజమే.

నిన్న నా కొత్త ప్రతిపాదన కింద ఆ అమ్మాయి పదకొండు ప్రశ్నలు రాసింది. ఏడింటికి నా దగ్గర జవాబు లేదు.