గెలుపు ఎవరి ఖాతాలో?

ఫ్రిస్కో, టెక్సస్
మార్చి, బుధవారం రాత్రి

తమ్ముడూ,

ఈ డాలస్ చుట్టుపక్కల ఎటు చూసినా చదును నేలే. అడ్డుకునే కొండ లేక గాలి ఒకటే రొద. నిన్న సాయంత్రం శాలువా కప్పుకుని మనవడి స్కూలు బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాను. అప్పటినుంచీ ఒక సంగతి మనసులో మెదులుతోంది. క్రికెట్ స్కోరు రాసినవాడివి, నీకే చెప్పాలి.

హైస్కూలు ఆట ఏడు ఇన్నింగ్సులే. మన ఆటలో మ్యాచ్ గెలిస్తే జట్టంతా గెలిచినట్టు. ఇక్కడ జట్టు గెలిచాక కూడా ఆ గెలుపును ఒక్క పిచర్, అంటే బంతి విసిరేవాడి, పేరున రాస్తారు, ఓటమిని అవతలి జట్టు పిచర్ ఒకడి పేరున రాస్తారు. ఆ రాసే అధికారం సొంత మైదానం జట్టు స్కోరర్‌ది. నిన్న ఆ పని చేసింది ఒక కుర్రాడి తల్లి. మడత కుర్చీలో కూర్చుని పెద్ద పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో గడి, గడిలో చిన్న డైమండ్ బొమ్మ. బేస్ చేరితే ఒక గీత, పరుగు వస్తే బొమ్మంతా నలుపు. మూడు స్ట్రైకులకు ఔటైతే 'కె' అక్షరం. బ్యాటు ఊపకుండా నిలబడి ఔటైతే అదే అక్షరాన్ని తిరగేసి రాస్తుంది. పక్కన ఫోన్లో యాప్ నడుస్తున్నా పెన్సిల్ మాత్రం వదల్లేదు.

మన మనవడు పిచర్‌గా అయిదు ఇన్నింగ్సులు వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. అప్పటికి మనవాళ్లు 3-1తో ముందున్నారు. కానీ వాడు వేసిన బంతులు తొంభై దాటడంతో కోచ్ దించేశాడు. ఈ రాష్ట్రంలో హైస్కూలు పిల్లవాడు రోజుకు 110 బంతులు మించి వేయకూడదు. 85 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి తప్పదు. 2017 నుంచి దేశమంతా ప్రతి రాష్ట్రమూ బంతుల లెక్కన ఇలాంటి హద్దు పెట్టుకోవాల్సిందే. ఎదిగే పిల్లల మోచేతులు కాపాడే నిబంధన ఇది. నిండు మనసుతో మెచ్చుకుంటాను.

ఆరో ఇన్నింగ్సులో కొత్తగా వచ్చిన కుర్రాడు రెండు పరుగులిచ్చాడు. స్కోరు సమం. ఆ వెంటనే మనవాళ్లు బ్యాటింగ్‌లో ఒక పరుగు తీసి మళ్లీ ముందుకొచ్చారు. ఏడో ఇన్నింగ్సు కూడా వాడే వేసి ముగించాడు. గెలుపు వాడికే రాశారు! ఒకసారి స్కోరు సమమైందంటే గెలుపు లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆ తర్వాత, చివరిదాకా నిలిచిన ఆధిక్యం వచ్చిన సమయానికి ఎవరు పిచరో వాడిదే విజయం. మనవాడి ఖాతాలో గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఆ తల్లి చేసింది అక్షరాలా నిబంధన ప్రకారమే. అయినా నాకు మింగుడు పడలేదు.

అక్క

ఫ్రిస్కో
మరుసటి వారం

తమ్ముడూ,

నీ జవాబు చదివాను. "మొదట వేసినవాడికే ఇచ్చేస్తే సరి కదా" అన్నావు. దానికీ ఒక షరతుంది. ఏడు ఇన్నింగ్సుల ఆటలో మొదటి పిచర్ కనీసం నాలుగు వేసి, తాను తప్పుకునేటప్పుడు జట్టు ముందుండి, ఆ ఆధిక్యం చివరిదాకా చెక్కుచెదరకుండా ఉంటేనే గెలుపు వాడిది. పెద్ద లీగుల తొమ్మిది ఇన్నింగ్సుల ఆటలో అయిదు వేయాలి.

నిన్న సరిగ్గా ఆ చిక్కే వచ్చింది. మొదటి కుర్రాడు మూడు ఇన్నింగ్సులు వేశాక, వచ్చే మ్యాచ్‌కి చెయ్యి మిగిల్చుకోవాలని కోచ్ ఆపేశాడు. స్కోరు 5-1. నాలుగు పూర్తికాలేదు కనుక వాడికి గెలుపు రాయరు. తర్వాత వచ్చినవాళ్లలో ఎవరు బాగా వేశారో స్కోరరే తీర్పు చెప్పాలి. రెండో కుర్రాడు మూడు ఇన్నింగ్సుల్లో రెండు పరుగులిచ్చి ఆట నిలబెట్టాడు. స్కోరు రాసే ఆ తల్లి పేజీలు వెనక్కి తిప్పి చూసుకుని అతనికి గెలుపు రాసింది. నాకు ఈ పద్ధతే నచ్చింది. ఆట చూసిన మనిషి విచక్షణకు ఇందులో చోటుంది.

ఏడో ఇన్నింగ్సు మనవాడిది. స్కోరు 5-3, ముగ్గురినీ ఔట్ చేశాడు. వాడి పేరు పక్కన 'సేవ్' పడింది. ఆట ముగించిన పిచర్, గెలుపు తనది కాకుండా, మూడు లేదా అంతకన్నా తక్కువ పరుగుల ఆధిక్యంతో దిగి కనీసం ఒక ఇన్నింగ్సు వేస్తే సేవ్ ఇస్తారు. స్కోరు సమం చేయగల ప్రత్యర్థి బేస్ మీదో, బ్యాటు పట్టుకునో, ఆ తర్వాతి వంతులోనో ఉండగా దిగి కాపాడినా ఇస్తారు. చివరి మూడు ఇన్నింగ్సులూ బాగా వేస్తే ఆధిక్యం ఎంతున్నా ఇస్తారు.

అక్క

ఆర్లింగ్టన్
ఏప్రిల్

తమ్ముడూ,

అల్లుడు మమ్మల్ని టెక్సస్ రేంజర్స్ అనే పెద్ద లీగు జట్టు మైదానానికి తీసుకొచ్చాడు. పైకప్పు మూసుకునే పెద్ద స్టేడియం. గాలి బాధ లేదు.

కిందటి ఉత్తరంలో చెప్పిన సేవ్ లెక్కను రూపొందించింది జెరోమ్ హోల్ట్జ్‌మన్ అనే షికాగో పత్రికా విలేఖరి. 1959లో ఎల్రాయ్ ఫేస్ అనే పిచర్‌కు 18 గెలుపులు, ఒక్క ఓటమి. చివర్లో వచ్చి, ఉన్న ఆధిక్యం పోగొట్టి, తన జట్టు బ్యాటర్లు మళ్లీ ముందుకు తెస్తే దక్కిన గెలుపులు అందులో ఉన్నాయి. నిజంగా ఆధిక్యం కాపాడినవాడికి మాత్రం పుస్తకంలో ఏమీ లేదు. ఈ అన్యాయం సరిదిద్దాలనే హోల్ట్జ్‌మన్ పూనుకున్నాడు. 1969లో సేవ్ అధికారిక లెక్క అయింది.

ఆ లెక్క కూడా అన్నిసార్లూ సరిపోదు. 2007 ఆగస్టు 22న ఈ రేంజర్స్ జట్టే బాల్టిమోర్‌లో 30-3తో గెలిచింది. చివరి మూడు ఇన్నింగ్సులు వేసిన వెస్ లిటిల్టన్‌కు సేవ్ దక్కింది. ఇప్పుడు ఈ జట్టులో ఉన్న జేకబ్ డిగ్రామ్ 2018లో న్యూయార్క్ మెట్స్‌కు ఆడాడు. ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి వదిలేస్తే, తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున 1.70 పరుగులే ఇచ్చాడు. అయినా గెలుపులు 10, ఓటములు 9. అతను అంత బాగా వేస్తున్నా అతని జట్టు పరుగులు తీయలేకపోయింది. ఆ ఏడాది అతని లీగులో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు మాత్రం అతనికే ఇచ్చారు. ఓటు వేసినవాళ్లు గెలుపుల గడిని పక్కనపెట్టి ఆట చూశారు.

నా తీర్పు ఇదే తమ్ముడూ. సేవ్ ఉండాల్సిందే, గెలుపు లెక్కా రాసుకోవచ్చు. కానీ పదహారేళ్ల పిల్లవాణ్ని వాటితో కొలవకూడదు. తీసిన స్ట్రైకౌట్లు, ఊరికే ఇచ్చిన బేసులు, వేసిన ఇన్నింగ్సులు వాడి చేతిలోనివి. గెలుపు తొమ్మిది మందిది.

ఆదివారం మనవడికి ఫోన్ చేస్తావు కదా, ఎన్ని గెలిచావని అడగకు. ఎన్ని ఇన్నింగ్సులు వేశావు, చెయ్యి నొప్పిగా ఉందా అని అడుగు.

అక్క