చూడవలసినవి, తినవలసినవి

తీరపట్టణాలకు యాత్రికులను వెంటబెట్టుకొని పోయేవారు బయలుదేరకముందే చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో రెండు వరుసలు ఉంటాయి. మొదటి వరుస చూడవలసినవి: గుడి, కోట, చర్చి, దీపస్తంభం, పరదేశీయుల సమాధులు. రెండవ వరుస తినవలసినవి: వంజరం వేపుడు, రొయ్యల ఇగురు, పీతల పులుసు. మొదటి వరుసకు ఎదురుగా సంవత్సరాలు ఉంటాయి. రెండవ వరుసకు ఎదురుగా ధరలు ఉంటాయి. చరిత్ర అంతా మొదటి వరుసలోనిదనీ, రెండవది కేవలం ఆకలికి సంబంధించినదనీ ఎవరూ చెప్పకుండానే యాత్రికునికి అర్థమవుతుంది. మామల్లపురం మొదలు నాగపట్నం వరకు, కోరమాండల్ తీరం వెంట సుమారు 250 కిలోమీటర్ల పొడవునా, ఈ విభజన అతని వెంట నడుస్తూనే ఉంటుంది.

అయితే ఈ తీరానికి ఒక లక్షణం ఉన్నది. దానిని ఎరుగనివారికి ఇక్కడి కోటలు సరిగా అర్థం కావు. పెద్ద ఓడలు ఒదిగి నిలవదగిన సహజమైన రేవులు ఈ తీరంలో లేవు. ఒడ్డంతా చదునైన ఇసుక, లోతు తక్కువ, అల ఒడ్డుకు దూరంగానే విరిగి, తెల్లని గోడవలె వరుస వెంట వరుసగా వస్తుంది. పోర్చుగీసువారు గాని, డచ్చివారు గాని, డేనులు గాని, ఫ్రెంచివారు గాని, ఆంగ్లేయులు గాని, ఎంతటి సంపన్నులైనా, తమ ఓడను సముద్రంలోనే దూరంగా లంగరు వేసి నిలుపవలసినదే. అక్కడినుండి మనుషులను, బట్టల మూటలను, ఫిరంగులను, ఉత్తరాలను ఒడ్డుకు చేర్చే పని తీరవాసులది. వారికి రెండు సాధనాలు ఉండేవి. ఒకటి మసూలా పడవ. దానిలో ఇనుప మేకు ఉండదు. పలకలను కొబ్బరిపీచు తాడుతో కుడతారు. అల కొట్టినప్పుడు అది వంగుతుందే గాని విరగదు. రెండవది కట్టుమరం. తెలుగు తీరంలో తెప్ప అనేదానికి తమిళులు పెట్టిన పేరు అది: మరమంటే మ్రాను, మ్రానులను కలిపి కట్టినది గనుక కట్టుమరం. నీరు దాని సందులలోనుండి పోతుంది గనుక అది మునగదు. ప్రపంచభాషలు ఈ తీరంనుండి ఎన్నో వస్తువులను తీసికొన్నాయి. వస్తువును విడిచి పేరును మాత్రమే తీసికొన్నది కట్టుమరం విషయంలోనే కాబోలు. ఈనాడు ఆ పేరుతో సముద్రాలమీద తిరిగే జంటపొట్టల నౌకలకూ, ఆ నాలుగు మ్రానులకూ పోలిక వెదకవలసినదే.

యాత్ర సాధారణంగా మామల్లపురంలో మొదలవుతుంది. పల్లవరాజు రాజసింహుడు ఎనిమిదవ శతాబ్ది ఆరంభంలో కట్టించిన తీరదేవాలయం, ఒక్కొక్క రాతిలో తొలచిన రథాలు, అర్జునుని తపస్సో గంగావతరణమో పండితులు ఇంకా తేల్చుకొనని మహాశిల్పం యాత్రికుని ముందుకు వస్తాయి. ఈ శిల్పసముదాయాన్ని యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వంగా గుర్తించినది. దూరాన సముద్రంమీద పోయే నావికులకు ఈ గోపురాలే గుర్తులు; వారు ఈ చోటును సప్తపగోడాలని పిలిచేవారు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ అలలు ఇసుకను కోసివేయగా, ఎన్నడూ కనబడని చెక్కడపు బండలు ఇక్కడ బయటపడ్డాయి. తరువాత పురావస్తుశాఖవారు నౌకాదళపు సహాయంతో సముద్రగర్భంలో వెదకి, గోడల ఆనవాళ్లను కనుగొన్నారు. మార్గదర్శి ఇదంతా వివరంగా చెబుతాడు. అతని మాట భోజనంవద్ద ఆగిపోతుంది. పసుపు, కారం, ఉప్పు పట్టించి పెనంమీద వేయించిన వంజరం ముక్కను ఆకులో వడ్డించినప్పుడు యాత్రికుడు మెచ్చుకొంటాడు, డబ్బు ఇస్తాడు, లేస్తాడు. ఆ చేపను గురించి చెప్పవలసినది ఏమైనా ఉన్నదని ఇద్దరిలో ఎవరికీ తోచదు.

పుదుచ్చేరి చేరినప్పుడు ఈ మౌనం మరింత వింతగా కనబడుతుంది. ఊరికి దక్షిణాన, అరియాంకుప్పం ఏటి ఒడ్డున, అరికమేడు ఉన్నది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ త్రవ్వకాలు జరిపి, రోమను సామ్రాజ్యంతో ఈ తీరం నెరపిన వర్తకాన్ని నిర్ధారణ చేశాడు. అక్కడ దొరికిన రెండు చెవుల జాడీలలో ద్రాక్షసారా వచ్చినది, ఆలివు నూనె వచ్చినది. వాటితోపాటు మధ్యధరా సముద్రపు చేపలను ఉప్పులో ఊరవేసి తీసిన రసంకూడా వచ్చినది. చేపలకు కరవులేని ఒడ్డుకు రెండువేల యేండ్లనాడు చేపల రసం ఓడలమీద దిగుమతి అయినదంటే, తిండి కూడా చరిత్రయేనని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. పరదేశంలో ఉన్నవానికి తన ఊరి రుచి ఎంత అవసరమో ఆ పగిలిన జాడీలు చెబుతాయి.

ఫ్రెంచివారి పుదుచ్చేరిలో మరొక మనిషి ఉన్నాడు. ఆనందరంగ పిళ్లె, 1709లో పుట్టి 1761లో పోయినవాడు, గవర్నరు డూప్లేకు దుబాసి. ద్విభాషి అన్న మాటే వాడుకలో దుబాసి అయినది. 1736నుండి అతడు తమిళంలో దినచర్య వ్రాశాడు. ఏ ఓడ ఎప్పుడు వచ్చినదో, ఏమి తెచ్చినదో, గవర్నరు ఎవరిమీద కోపించాడో అన్నీ అందులో ఉన్నాయి. అతడు సాహిత్యపోషకుడు కూడా. కస్తూరి రంగకవి తెలుగులో రచించిన ఆనందరంగరాట్ఛందము అతని పేరనే వెలసినది. ఒక భాషలోని మాటను మరొక భాషలోనికి దాటించి బ్రతికినవాడు కనుక, అనువాదకులందరూ అతనిని తమ పూర్వికునిగా చెప్పుకోవచ్చు. కాని ఆ దినచర్యలోని ప్రతి ఓడవెనుకా మరొక రకపు దుబాసి ఉన్నాడు. ఒకరు మాటను దాటిస్తే, మరొకరు మనిషిని అలలు దాటించారు. మొదటివానికి సంపుటాలకొలది దినచర్య మిగిలినది. రెండవవాని పేరు ఏ పుటలోను లేదు.

పుదుచ్చేరి పాలన 1954 నవంబరు 1న భారతదేశం చేతికి వచ్చినది. ఒప్పందం 1962 ఆగస్టు 16న చట్టరీత్యా పూర్తి అయినది. గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే యానాం ఇప్పటికీ ఈ పాలనలోనిదే. ఆ విధంగా ఈ వీధులు తెలుగువారికి కొంత చుట్టరికమైనవే.

తరంగంబాడితో ఉన్న చుట్టరికం ఇంకా పాతది. తంజావూరి రఘునాథనాయకుడు, తెలుగులో కావ్యాలు వ్రాసిన రాజు, 1620లో డేనులకు ఈ పల్లెను ఇచ్చి, కోట కట్టుకొనడానికి అనుమతించాడు. డెన్మార్కు రాజుకు అతడు పంపిన ఉత్తరం బంగారు రేకుమీద చెక్కినది. అదే డాన్స్‌బోర్గ్ కోట. పసుపు వన్నె గోడలతో ఇప్పటికీ సముద్రానికి ఎదురుగా నిలిచి ఉన్నది. 1706లో జీగెన్‌బాల్గ్ అనే జర్మను మతబోధకుడు ఇక్కడ దిగి, తమిళం నేర్చి, 1712లో వచ్చిన ముద్రణయంత్రంతో తమిళ పుస్తకాలు అచ్చువేశాడు. అతని తరువాత 1719లో వచ్చిన షుల్జ్ తెలుగు నేర్చి, స్వదేశానికి తిరిగిపోయి, 1740ల దశకంలో హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. 1845లో డేనులు ఈ ఊరిని, బెంగాలులోని సెరాంపూరుతో కలిపి, 12 లక్షల 50 వేల రూపాయలకు ఆంగ్లేయులకు అమ్మివేశారు.

ఈ సంవత్సరాలన్నీ ఒక మార్గదర్శి కోట బురుజుమీద నిలబడి ఒక యాత్రికుల బృందానికి హిందీలో, ఇంగ్లీషులో అప్పజెప్పుచున్నాడు. అతడు ఆ ఊరి మత్స్యకారుల కుటుంబంలో పుట్టిన యువకుడు. బృందంలో ఉత్తరాదినుండి వచ్చిన ఒక వృద్ధ ఉపాధ్యాయుడు చాలాసేపు సముద్రంవైపు చూచి, చిన్నపిల్లలు అడిగే ప్రశ్న ఒకటి అడిగాడు.

“అంత దూరాన ఓడ ఆగితే, ఆ వచ్చినవాళ్లు ఒడ్డుకు ఎలా చేరారు నాయనా?”

మార్గదర్శి కాగితం చూచుకోలేదు. ఆ సమాధానం కాగితంలో లేదు. కొంచెం తడబడి, తరువాత నవ్వాడు.

“మావాళ్లే దింపారండీ.”

ఆనాటి మధ్యాహ్నం, మొదటిసారిగా, అతడు భోజనంవద్ద మాట్లాడాడు. వడ్డించినది సొరపుట్టు. సొరచేపను పసుపు వేసి ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి, ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిరపలతో వేయిస్తారు. బాలింతలకు పాలు పడడానికి పెడతారని అతడు చెప్పాడు. తెలుగు తీరంలో కూడా ఆ వంటకూ ఆ నమ్మకానికీ లోటు లేదు. తన చిన్నతనంలో వారి ఇల్లు సముద్రానికి ఎంత దగ్గరగా ఉండేదంటే, పడుకొన్నచోటినుండే అల చప్పుడును బట్టి తండ్రి ఆనాడు వేటకు పోవడమో మానడమో నిర్ణయించేవాడట. 2004లో ఆ ఇల్లు పోయినది. ఇప్పుడు వారి ఇల్లు పక్కాది, మంచిది, లోపలి పొలాలవైపు ఉన్నది. అక్కడికి అల వినబడదు. తండ్రి తెల్లవారుజామున లేచి, నిర్ణయం చేసికొనడానికి ఒడ్డుదాకా నడిచి వస్తాడు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఆ సునామీలో అప్పటి నాగపట్నం జిల్లాలోనే ఆరువేల మందికి పైగా మరణించారు. దేశంలో మరి ఏ జిల్లా అంతగా నష్టపోలేదు. 2005లో తమిళనాడు ప్రభుత్వం సముద్రపు పోటుగీతకు 200 మీటర్ల లోపల ఉన్న కుటుంబాలకు, వెనుకకు జరిగితే కొత్త ఇల్లు కట్టి ఇస్తామని చెప్పినది. మృత్యువును కన్నులారా చూచినవారు జరగడంలో ఆశ్చర్యం లేదు; జరగమనడంలో దయ లేకపోలేదు. కాని అదే ఒడ్డున కోటకు మరమ్మతు జరిగినది. తీరంమీది పాత బంగళా ఒకటి బాగుపడి యాత్రికుల విడిది అయినది. సముద్రపు గాలికి మేలుకొనే భాగ్యం వచ్చిపోయేవారికి దక్కినది. సముద్రం చెప్పేది విని బ్రతికేవారికి దూరమైనది. 1306లో పాండ్యరాజు కట్టించిన మాసిలామణినాథుని గుడి ముందుభాగాన్ని సముద్రం తినివేసినప్పుడు అందరూ బాధపడ్డారు. రాతికి జరిగిన నష్టం అందరికీ కనబడుతుంది. చెవికి జరిగిన నష్టం ఎవరికి కనబడుతుంది?

నాగపట్నం ఈ యాత్రకు చివరి మజిలీ. శ్రీవిజయ దేశపు రాజు ఇక్కడ చూడామణి విహారం నిర్మించగా, రాజరాజచోళుడు ఆనైమంగలం గ్రామాన్ని దానికి ఇచ్చాడు. ఆ దానశాసనపు రాగిరేకులు తరువాత లైడెన్ నగరానికి చేరి, ఆ పేరుతోనే ప్రసిద్ధికెక్కాయి. 1658లో డచ్చివారు ఈ పట్టణాన్ని పోర్చుగీసువారినుండి, 1781లో ఆంగ్లేయులు డచ్చివారినుండి తీసికొన్నారు. విహారపు గోపురం 1867లో కూల్చివేయబడినది. వచ్చినవారు పోయారు, కట్టినవి కూలాయి. పోనిది తెల్లవారుజామున రేవులో జరిగే వేలంపాట. పడవలు రాగానే గంపలు దిగుతాయి. నెత్తళ్లు, కానాగంతలు, పీతలు, రొయ్యలు వేరువేరు కుప్పలవుతాయి. ఆడవారు ధర తెగగొట్టి, మంచుగడ్డలు చల్లించి, సూర్యుడు పొడిచేసరికి ఊళ్లమీదికి పోతారు.

ఈ వేలంపాటకు కూడా సంవత్సరంలో సెలవు ఉన్నది. తూర్పు తీరంలో ఏప్రిలు 15నుండి జూన్ 14వరకు, 61 రోజులు, యంత్రపు పడవలు వేటకు పోరాదు. చేపలు గ్రుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చిన గడువు అది. ఆ రోజులలో యాత్రికుని ఆకులోనికి వచ్చేది ఒడ్డుకు దగ్గరగా చిన్న పడవలవారు పట్టినది, లేదా దూరంనుండి మంచులో వచ్చినది. ఆ పడవలలో కూడా మ్రానులతో కట్టిన కట్టుమరాలు అరుదైపోయాయి. సునామీ తరువాత సహాయంగా వచ్చిన ఫైబరు పడవలు వాటి చోటును చాలావరకు ఆక్రమించాయి. కోటకు కాపలా ఉన్నది, ఫలకం ఉన్నది, ప్రవేశానికి చీటీ ఉన్నది. కోటకన్న పాతదైన తెప్పకు ఏదీ లేదు. అది పోయిన సంవత్సరాన్ని ఏ మార్గదర్శీ చెప్పలేడు, ఎందుకంటే అది ఒక్క సంవత్సరంలో పోలేదు.

ఆనాడు రేవులో మార్గదర్శి తన తండ్రి నోట విన్న గాలుల పేర్లు చెప్పాడు. ఉత్తరపు గాలి వాడై, తూర్పుగాలి కొండల్, దక్షిణపు గాలి చోళగం, పడమటి గాలి కచ్చాన్. ఏ గాలికి నీరు ఏ వైపు లాగుతుందో, ఏ గాలికి ఏ చేప ఒడ్డువైపు వస్తుందో ఒక్కొక్క పేరులో ఇమిడి ఉన్నదన్నాడు. వృద్ధ ఉపాధ్యాయుడు జేబులోనుండి చిన్న పుస్తకం తీసి, ఆ నాలుగు పేర్లను నాగరలిపిలో వ్రాసికొన్నాడు. ఎదురుగా హిందీలో అర్థాలు వ్రాయబోయి, దిక్కుల పేర్లు మాత్రం వ్రాసి, ఒక్కొక్కదాని ప్రక్కన కొంత చోటు ఖాళీగా విడిచిపెట్టాడు.