కొత్త కోడలు, కొన్ని కాగితాలు

సంగటి ముద్ద తుంచి చెనిక్కాయ ఊరిబిండిలో అద్దుకోవడం మా విదేశీ కోడలికి తొందరగానే వచ్చేసింది. కాగితాల పనే తెమలదు. ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టాలంటే రిజిస్టరైన పెళ్లికి రెండేళ్లు నిండాలి. అందాకా వీసాతోనే కాపురం. ఆ పిల్ల క్రైస్తవురాలు కాబట్టి తిరుమల కొండకు పోతే ఇంకో సంతకం: స్వామి మీద నమ్మకముందని డిక్లరేషన్ ఇవ్వాలి. 2025 ఏప్రిల్‌లో పవన్ కల్యాణ్ భార్య, రష్యాలో పుట్టిన అన్నా లెజినోవా కూడా అది ఇచ్చాకే తలనీలాలు సమర్పించారు.

నాకైతే నవ్వొస్తుంది. ఢిల్లీ సుల్తాను కూతురు బీబీ నాంచారిని స్వామి ఇల్లాలని చెప్పుకునే జనం కదా మనం! ఉగాదినాడు దేవుని కడపలో ముస్లింలు ఆయన్ను అల్లుడిగానే కొలుస్తారు. మరి నాంచారమ్మను ఎవరు సంతకం అడిగారో? ఈ మాటంటే మా ఆయన ఒకటే గొణుగుడు: "నీ పురాణం తర్వాత. ముందు పాస్‌పోర్టు తీసుకోమను, దర్శనానికి పొద్దుపోతాంది."