సముద్రం అవతల పెళ్లిపందిరి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. సముద్రం మధ్య దీవిలో పెళ్లి చేసి చూడమని మాత్రం వాళ్లు అనలేదు. ఆ భాగ్యం మా తరానికి దక్కింది.

మా అక్కయ్య కూతురు మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దీవిలో, లిమసోల్ అనే రేవు పట్టణంలో ఉద్యోగం చేస్తోంది. ఓడల నిర్వహణ కంపెనీలకు ఆ ఊరు పెట్టింది పేరు. పెళ్లికొడుకు ముంబయిలో మూడు తరాలుగా స్థిరపడిన తెలుగువారి అబ్బాయి. అతనికీ అక్కడే ఉద్యోగం. "మామయ్యా, మాకు సెలవులు తక్కువ, స్నేహితులంతా ఇక్కడే. పెళ్లి ఇక్కడే చేసుకుంటాం" అంది ఫోనులో. పెళ్లికూతుర్ని బుట్టలో తేవలసిన మేనమామను నేనే కనుక, ఏర్పాట్ల బరువు కూడా నా నెత్తినే పెట్టారు.

ముందు చట్టం సంగతి చూశాం. సైప్రస్‌లో పౌర వివాహాలు పురపాలక సంఘాలే జరిపిస్తాయి. పరదేశీయులు కూడా చేసుకోవచ్చు. లెబనాన్, ఇజ్రాయెల్ దేశాల్లో పౌర వివాహం జరిపించే ఏర్పాటు లేదు. అందుకే అక్కడి జంటలు ఎన్నో ఈ దీవికి వచ్చి పెళ్లాడుతుంటాయి. పుట్టిన తేదీ పత్రం, ఇదివరకు పెళ్లి కాలేదన్న పత్రం, వాటి మీద మన విదేశాంగ శాఖ వారి అపోస్టిల్ ముద్ర, ఇద్దరు సాక్షులు కావాలి. మన తాళిబొట్టు అక్కడి చట్టానికి లెక్క కాదు. అక్కడి సంతకం మా అమ్మకు లెక్క కాదు. కనుక రెండూ జరగాల్సిందే.

తరువాత ముహూర్తం. తిథి, నక్షత్రం మారే క్షణం లోకమంతటికీ ఒక్కటే. గడియారంలో తేడా తీసేస్తే సరి. వేసవి వేళల్లో సైప్రస్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మూడున్నర గంటలు. లగ్నం మాత్రం ఆ ఊరి అక్షాంశ రేఖాంశాలను బట్టి మారుతుంది. మా పురోహితుడు లిమసోల్‌కు వేరే గణితం కట్టి ఇచ్చారు. "అరుంధతి సంగతి బెంగపడకండి. ఉత్తరానికి పోయినకొద్దీ సప్తర్షులు ఇంకా ఎక్కువసేపు కనిపిస్తారు" అని ధైర్యం కూడా చెప్పారు.

అసలు చిక్కు సామాన్ల దగ్గర వచ్చింది. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి నుంచి వెళ్లే ప్రయాణికులు పాలతో చేసినవి తీసుకుపోకూడదు. అంటే హోమానికి నెయ్యి అక్కడే కొనాలి. 2019 డిసెంబరు నుంచి పచ్చి ఆకులు, పూలు, పళ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. మినహాయింపు అయిదు పళ్లకే. అందులో అరటిపండు, కొబ్బరికాయ ఉన్నాయి! మన పెళ్లిళ్ల సంగతి తెలిసినవాళ్లెవరో రాసినట్టుంది అనుకున్నాను. కానీ మామిడాకులు, తమలపాకులు ఆ జాబితాలో లేవు. తోరణం అక్కడి ఆలివ్ కొమ్మలతో కడదామని పిల్లలు నిర్ణయించారు. బుట్ట కూడా అక్కడే కొంటామన్నారు.

నిప్పు మరో సంగతి. 2025 జూలైలో లిమసోల్ జిల్లా కొండల్లో కార్చిచ్చు రేగి ఇద్దరు చనిపోయారు. హోమమంటే హోటలువారు జంకడంలో తప్పేముంది? చిన్న రాగి గుండం, పక్కన ఇసుక, నీళ్లు ఉంచుతామని రాసిచ్చాక ఒప్పుకున్నారు.

ఇవన్నీ డబ్బుతోనో ఓపికతోనో తీరే చిక్కులే. తీరనిది పిలుపుల జాబితా. బరంపురంలో అయితే నాలుగు వందల శుభలేఖలు పంచేవాళ్లం. దీవికి రెండు వైపులా కలిపి నలభై మందే. నేను రాసింది పిలిచేవాళ్ల జాబితా కాదు, పిలవనివాళ్ల జాబితా. అందులో మొదటి పేరు మా అమ్మది. ఎనభై నాలుగేళ్ల వయసు, మోకాళ్ల నొప్పులు, మధ్యలో విమానం మారాలి. డాక్టరు వద్దన్నారు.

"ఫోనులో చూపిస్తాం అమ్మమ్మా" అంది మేనకోడలు.

"చూడ్డానికేం, చూస్తాను. ఫోను మీద అక్షింతలు ఎలా వేయనే?" అంది అమ్మ.

ఆ మాటకు మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. రెండు రోజుల తరువాత అమ్మే దారి చెప్పింది. "1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు మీ తాతగారు ఇల్లు కదల్లేదు, సరిహద్దే కదిలింది. పొరుగువాళ్లు ఒడియా మాట్లాడినా మన ఇళ్లల్లో పెళ్లి మంత్రం మారలేదు. తాళి ఎక్కడైనా కట్టించుకోమను. పెళ్లికూతుర్ని చేసేది మాత్రం ఈ ఇంట్లోనే, నా చేత్తోనే."

అలాగే నిశ్చయమైంది. పిల్ల పది రోజులు ముందుగా వస్తుంది. నలుగు, మంగళస్నానం, వీధివీధంతా భోజనాలు ఇక్కడ. ఆ రోజు అమ్మ కట్టబెట్టే బరంపురం పట్టుచీరతోనే అక్కడ పీటల మీద కూర్చుంటుంది. అయినా ముహూర్తం వేళకు అమ్మ చెయ్యి పిల్ల తల మీద ఉండదు. ఆ లోటు లోటే. అది నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు.

మన పిల్లలు ఇప్పుడు ఏ దేశంలోనైనా ఉంటున్నారు. ఇలాంటి పిలుపు రేపు మీ ఇంటికీ రావచ్చు. వస్తే వద్దనకండి. హోటలుకు బయానా కట్టే ముందు మాత్రం, ప్రయాణం చేయలేని పెద్దల పక్కన ఒక పూట కూర్చుని వాళ్లకేం కావాలో అడగండి. ముహూర్తం దాని తరువాతే పెట్టించండి.